సేఫ్టీ సార్ సోమవారం చెప్తానన్న మాట

ఆదివారం పొద్దున మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సేఫ్టీ సార్ నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "మా అబ్బా ఈ పొద్దున చనిపోయారు. సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత జనాజా." అది చూసి మేమంతా సార్‌ను ఓదార్చడం మొదలుపెట్టాం. "ధైర్యంగా ఉండండి సార్" అని ఒకరు, "పెద్దాయన అదృష్టవంతులు, మంచాన పడకుండా వెళ్లారు" అని ఇంకొకరు. నేనైతే, "మీ నాన్నగారు ఇంకా ఉన్నారని మాకు తెలియదు సార్, మీరు మాత్రం వేళకు ఇంత తినండి" అని రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. సార్‌కే అరవై దాటాయి, మరి ఆయన తండ్రి ఎంత పెద్దవారై ఉంటారో అని వంటింట్లో మా అత్తమ్మతో చెప్పి ఆశ్చర్యపోయాను. కాసేపటికి మేనేజర్ ఫోన్ చేశారు. "అమ్మా, పోయింది సార్ వాళ్ల నాయిన గాదు, సారే. ఆయన ఫోన్లకెళ్లి కొడుకు పెట్టిండు మెసేజ్" అన్నారు.

ఆ పొద్దుటి గందరగోళం నన్ను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. పోయిన మనిషికే వేళకు తినమని చెప్పాను. ఆ మెసేజ్ తీసేద్దామని ఫోన్ పట్టుకున్నాను, తీసేస్తే బాగుండదేమో అని మళ్లీ పక్కన పెట్టాను. ఏడుపు రావలసిన చోట నాకు ముందు సిగ్గేసింది. దుఃఖం తర్వాత వచ్చింది, అది కూడా సరిగ్గా రాలేదు. ఎందుకంటే సార్ నాకు ఒక మాట చెప్పాల్సి ఉంది. సోమవారం చెప్తానన్నారు.

సార్ ఎవరో ముందు చెప్పాలి. మాది మేడ్చల్ దాటాక అత్వెల్లి వైపు రోడ్డు మీద, మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసే చిన్న సంస్థ. వెనక షెడ్డులో మిషన్లు, ముందు హాల్లో ఆఫీసు. హాలు వెనక మూలన వంటగది అనే పేరు గల ఒక చిన్న గది. అందులో మా ఆయమ్మ టీ పెడుతుంది. సార్ ఏదో పెద్ద ఫ్యాక్టరీలో సేఫ్టీ చూసి రిటైరైన మనిషి. ఊరు శామీర్‌పేట. నెలకోసారి, శనివారం పూట, స్కూటర్ మీద వచ్చి మా దగ్గర ఎక్కడెక్కడ ప్రమాదం పొంచి ఉందో చూసి వెళ్లేవారు. ఆయనకు పేరుంది, మేమే ఎప్పుడూ పిలవలేదు. సేఫ్టీ సార్ అంటే సేఫ్టీ సారే.

సేఫ్టీ అంటే షెడ్డులో కదా, కత్తిరించే మిషన్ల దగ్గర, వేడి జిగురు దగ్గర. కానీ ఆయన షెడ్డులో ఎంతసేపు ఉంటారో ఆఫీసులో అంతకు రెట్టింపు ఉండేవారు. ఒకసారి మేనేజరే అడిగేశారు, "ఈడ కంప్యూటర్లు తప్ప ఏమున్నయి సార్?" అని.

"షెడ్డుల అందరు భయంతోని పంజేస్తరు సార్" అన్నారాయన. "మిషన్ కండ్ల ముంగట ఉంటది గదా. ఈడ ఏం కనబడది. గందుకే ఈడ ఎవరు భయపడరు. నా భయం గదే."

ఆయన చూసే పద్ధతి వేరు. ఆయన రాకముందు నేను కూడా చూశాను తనిఖీలు. ఒకాయన చేతిలో అట్టతో వస్తాడు, గోడలవంకా పైకప్పువంకా చూస్తాడు, టిక్కులు పెడతాడు, బిస్కెట్ తిని వెళ్తాడు. సార్ అలా కాదు. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "గీ కుర్చీల జరసేపు కూసోవచ్చా?" అని అడిగేవారు. మనం లేచి నిలబడాలి. ఆయన కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని ముందు వినేవారు. ఫ్యాన్ ఎలా తిరుగుతోంది, ప్లగ్గులో చిటపటలేమన్నా ఉన్నాయా అని. తర్వాత కళ్లు తెరిచి, మనం రోజూ చూసేదంతా మన ఎత్తులో నుంచే చూసేవారు. మొదటిసారి నన్ను లేవమన్నప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. బిల్లులు పంపే వేళ. "ఎంతసేపు సార్?" అని ముఖం మీదే అడిగాను. ఆయన లేవకుండానే, కాలితో బల్ల కింద తడిమి, "నీ చెప్పులు ఈడ్నే ఇడుస్తవా బిడ్డా? అటు ఎక్స్‌టెన్షన్ బోర్డున్నది. వానకాలం తడి చెప్పులు దాని మీద పెట్టకు" అన్నారు. నేను నిజంగానే అక్కడే విడిచేదాన్ని. ఆ బోర్డు సంగతే నాకు తెలియదు.

వైర్లను ఆయన మనుషుల్ని తిట్టినట్టు తిట్టేవారు. హాలంతా వినపడేలా. "ఎవడ్రా నిన్ను గిట్ల తిప్పింది? గింత జాగ ఉంటే గీ తొవ్వలకెళ్లే వచ్చినవా?" అని నేల మీద అడ్డంగా పడ్డ కేబుల్‌తో మాట్లాడుతుంటే మేం నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లం. పగిలిన ప్లగ్గు కనిపిస్తే, కాలు ఊగే కుర్చీ కనిపిస్తే, అక్కడికక్కడే అందరి ముందూ చెప్పేవారు. రిపోర్టు తర్వాతెప్పుడో మెయిల్లో వచ్చేది. అప్పటికి మేం అవన్నీ సరిచేసి కూర్చునేవాళ్లం.

దసరా సంగతి చెప్పకపోతే సార్ గురించి చెప్పినట్టే కాదు. మా దగ్గర ఆయుధపూజ ఘనంగా చేస్తాం. మిషన్లకు, డెలివరీ వ్యాన్‌కు, కంప్యూటర్లకు, ఆఖరికి స్టేప్లర్‌కు కూడా బొట్టు పెడతాం. గోడకు వేలాడే ఫైర్ సిలిండర్ ఎర్రగా, నిండుగా ఉంటుంది కదా, దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దండ జారిపోతోందని మా అకౌంట్స్ శ్రీనివాస్ సన్న ఇనుపతీగ తెచ్చి సిలిండర్ మెడ చుట్టూ, పిన్ను చుట్టూ గట్టిగా బిగించాడు. పండగ అయిపోయింది, పూలు ఎండిపోయాయి, తీగ అలాగే ఉంది. పూజ చేసినదాన్ని విప్పడానికి ఎవరికీ చెయ్యి రాదు మా దగ్గర. ఆ నెల సార్ వచ్చి సిలిండర్ ముందు ఆగారు. మాకు ఏం చెప్తారో అని భయం. ఆయన ముసల్మాను, ఇది మన పూజ, ఏమన్నా అంటే ఎవరికి ఏమనిపిస్తుందో.

ఆయన పూజ మాటే ఎత్తలేదు. శ్రీనివాస్‌ను పిలిచి, "అదిగో, నీ టేబుల్ అంటుకున్నది అనుకో. జల్దీ, పిన్ను గుంజు" అన్నారు. శ్రీనివాస్ పరుగున వచ్చి గుంజాడు. రాదు. తీగ విప్పబోయాడు. వేలు గీసుకుంది. ఎండిన పూలన్నీ రాలి నేల నిండాయి, పిన్ను మాత్రం కదల్లేదు. మేం పడీ పడీ నవ్వాం. సార్ నవ్వలేదు. "కాలిపోయింది తమ్మీ, మొత్తం కాలిపోయింది" అన్నారు, అంతే. మరుసటి ఏడు దసరా ముందు రోజు ఆయనే మేడ్చల్ మార్కెట్లో బంతిపూల దండ కొని తెచ్చారు. సిలిండర్‌కు పైన గోడకు ఒక మేకు కొట్టించి దండ దానికి వేలాడదీశారు. "దండ పెట్టుండ్రి, మంచిగ పెట్టుండ్రి. పిన్నుకు మాత్రం వద్దు" అన్నారు. ఆ మేకు ఇప్పటికీ ఉంది.

అందరి ముందూ అన్నీ చెప్పే ఈ మనిషి, ఒక్కోసారి ఏమీ చెప్పకుండా వెళ్లిపోయేవారు. అది కూడా గమనించాను కానీ దాని గురించి ఆలోచించలేదు. హాల్లో వంటగదికి అవతలి మూలన ఒక వెనక తలుపుంది. కుక్కలొచ్చి టిఫిన్ డబ్బాలు ఎత్తుకుపోతున్నాయని కొన్నాళ్లు దానికి తాళం ఉండేది. సార్ ఒక శనివారం ఆ తాళం ముందు నిలబడి చూశారు, ఒక్క మాట అనలేదు, సాయంత్రానికి తాళం లేదు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో మేం అడగలేదు. కుక్కలు మాత్రం మళ్లీ వచ్చాయి.

ఇక ఆ చివరి శనివారం. సార్ ఎప్పటిలాగే అందరి కుర్చీల్లోనూ కూర్చున్నారు. నా కుర్చీలో కూర్చుని ఏమీ అనకుండా లేచి వెళ్లారు. తర్వాత షెడ్డు, తర్వాత వంటగది. నేను మధ్యాహ్నం దాటాక బ్యాగు సర్దుకుంటున్నాను. మా ఇల్లు కుత్బుల్లాపూర్‌లో. మేడ్చల్లో షేర్ ఆటో పట్టుకుని గండిమైసమ్మ దాకా వెళ్లి అక్కడ బస్సెక్కాలి. ఆ రోజు మా అత్తమ్మను డాక్టర్‌కు చూపించాలి. సార్ వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డారు.

"ఛాయ్ తాగినవా బిడ్డా?" అన్నారు.

"అయింది సార్, ఇందాకనే" అన్నాను, జిప్పు లాగుతూ.

ఆయన నా బల్ల మీద చెయ్యి వేసి, "గీ టేబుల్ ఈడికెళ్లి జర జరుపుకోరాదా?" అన్నారు.

"ఎందుకు సార్? ఏమున్నది ఈడ?"

సార్ అటూ ఇటూ చూశారు. ఆయమ్మ ఖాళీ కప్పులు ఏరుకుంటోంది. శ్రీనివాస్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. "సోమవారం వస్త గదా, మీ మేనేజర్‌తోని పనుంది. అప్పుడు చెప్త. పరేషాన్ గాకు" అన్నారు. నేను సరే సార్ అని పరుగెత్తాను. గేటు దాటాక వెనక్కి చూస్తే ఆయన ఇంకా నా బల్ల దగ్గరే ఉన్నారు, కిటికీ అద్దంలోంచి కనబడ్డారు. ఆయన్ను చూడడం అదే ఆఖరు.

ఆదివారం మధ్యాహ్నం మేనేజర్ కారులో నలుగురం శామీర్‌పేట వెళ్లాం. ఊళ్లో సందులోపల ఇల్లు. మగవాళ్లు బయట ఆగారు, నేను లోపలికి వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. సార్ భార్య నా చెయ్యి పట్టుకుని, "ఆఫీసు నుంచి వచ్చినవా బేటా? పొద్దుగాల నమాజ్ చదివి కుర్చీల కూసున్నడు. ఛాయ్ తెచ్చేలోపట్నే అయిపోయింది. గుండె అన్నరు" అంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

కళ్లు తుడుచుకుని చుట్టూ చూస్తే నాకు మతి పోయింది. గది మూలన కూలర్‌కు ప్లగ్గే లేదు. రెండు వైర్ల కొసలు బోర్డు రంధ్రాల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు కుక్కి ఉన్నాయి. మా ఆఫీసులో ఒక డ్రైవర్ ఫోన్ చార్జింగ్ కోసం ఇలాగే అగ్గిపుల్ల పెడితే సార్ హాలు ఎగిరిపోయేలా అరిచారు. ఇక్కడ ఆయన రోజూ కూర్చునే కుర్చీ పక్కనే అగ్గిపుల్లలు. వరండాలో నిచ్చెనకు ఒక మెట్టు విరిగితే తాడు కట్టి ఉంది. నేను అదే పనిగా అటే చూస్తుంటే ఆమెకు అర్థమైంది. ఏడుస్తూనే కొంచెం నవ్వింది.

"గదంతే బేటా. ఇంటికొస్తే ఒక్క బల్బు మార్చలే. నేను లొల్లి పెడ్తే, 'ఇంట్ల గూడ గదే చూస్కుంట కూసుంటే ఇగ నాకు నిద్రెట్ల పడ్తది?' అనేటోడు."

మమ్మల్ని అంత సతాయించిన మనిషి తన ఇంట్లో కళ్లు మూసుకుని బతికాడా? కోపమొచ్చింది, జాలేసింది, ఆయన ఇంకా ఎక్కువ నచ్చాడు. అడగకూడదు అనుకుంటూనే అడిగాను, "శనివారం మా ఆఫీసు గురించి ఏమన్న చెప్పిండా అమ్మా?" అని.

"ఆఫీసు ముచ్చట్లు ఇంట్ల దియ్యడు. ఎవలకన్న చెప్పాల్సిన మాట కడుపుల ఉండిపోతే మాత్రం అన్నం దిగది ఆయనకు. శనివారం రాత్రి సగం రొట్టె ఇడ్సిపెట్టిండు. నేను గ్యాసు అనుకున్న" అంది. ఇంకెవరో వచ్చారు, ఆమె వాళ్ల వైపు తిరిగింది.

సోమవారం వచ్చింది. సార్ రాలేదు. నేను నా బల్ల ముందు నిలబడి కూర్చోవాలా వద్దా అని చూస్తున్నాను. ఆయన ఎప్పుడూ ఊరికే ఏదీ జరుపుకొమ్మనరు. అంటే ఇక్కడ ఏదో ఉంది. అది సార్‌కు కనిపించింది. నాకు కనిపించడం లేదు. ఆ మాట నోరు జారి శ్రీనివాస్‌కు చెప్పాను, గంటలో ఆఫీసంతా తెలిసింది.

ఇక చూడాలి. ఒకాయన వచ్చి నా నెత్తి మీద దూలముందని, దూలం కింద కూర్చుంటే తలనొప్పులొస్తాయని చెప్పాడు. అది దూలం కాదు, ఏసీ పైపుకు కట్టిన డబ్బా. ఇంకొకామె వాస్తు అంది. నైరుతిలో ఆడమనిషి కూర్చోకూడదట. మేనేజర్ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. అతను పైకప్పు పలకలు తీసి లోపల తల పెట్టి చూసి, పావురం గూడు ఒకటి, బల్లి గుడ్లు కొన్ని ఉన్నాయని ప్రకటించాడు. నా ప్లగ్గులు విప్పాడు, బిగించాడు, అంతా బాగుందన్నాడు. బాగుందంటే నాకు భయం ఇంకా పెరిగింది. నేలలో పగులేమో అని టైల్స్ మీద కొట్టి చూశాం. కిటికీ అద్దం ఊగుతుందేమో అని తోసి చూశాం. ఇంట్లో మా అత్తమ్మ ఒక నిమ్మకాయ ఇచ్చి సొరుగులో పెట్టుకోమంది. పెట్టుకున్నాను. సార్ చూస్తే ఆ నిమ్మకాయను ఏమని తిట్టేవారో.

కనీసం బల్ల జరపొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. ఎటు జరపాలి? కుడికి జరిపితే ప్రమాదం కుడివైపే ఉండొచ్చు. పైగా ఆ చోటు నాకిష్టం. మొన్నటి ఎండాకాలం నేనే ఏరి కోరి అక్కడికి లాక్కున్నాను. కిటికీ పక్కన, వెలుతురు బాగుంటుంది, ఏసీ గాలి నేరుగా తగలదు. ఎందుకో తెలియకుండా ఎందుకు వదులుకోవాలని ఒక మొండితనం. కూర్చుంటే భయం, లేస్తే రోషం. కుర్చీ అంచున కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కొన్నాళ్లు పని చేశాను. సార్ మీద కోపం కూడా వచ్చింది. చెప్పేదేదో చెప్పి పోవచ్చు కదా అనుకున్నాను, అనుకున్నందుకు ఏడ్చాను.

సార్ చేసినట్టే చేసి చూద్దామని, ఒక మధ్యాహ్నం నా కుర్చీలో కూర్చుని చేతులు బల్ల మీద పెట్టి కళ్లు మూసుకున్నాను. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. ప్లగ్గులో చిటపటలు లేవు. కళ్లు తెరిస్తే ఎదురుగా శ్రీనివాస్ నన్నే చూస్తున్నాడు.

"ఏం కనబడ్డది అక్కా?"

"ఏం లేదురా. మతి పోతాంది నాకు."

అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించి, "ఆరోజు సార్ నిన్ను ఛాయ్ తాగినవా అని అడిగిండా?" అన్నాడు.

"అడిగిండు. అయిందన్న. ఎందుకు?"

"నన్ను గూడ గట్లనే అడిగిండు అక్కా ఒకపారి. అయిందంటే గూడ ఇంకోటి తాగుదాం పా అని రోడ్డు మీద హోటల్‌కు తీస్కపోయిండు. ఆ వెనక తలుపుకు తాళం ఏసింది నేనే. తాళంచెవి నా జేబులనే ఉండేది. నేను లీవు పెట్టిన రోజు గూడ నాతోనే ఇంటికి పోయేది. ఆడ కూసోబెట్టి చెప్పిండు. 'తమ్మీ, గీ మాట నలుగుట్ల చెప్తే నువ్వు తాళం తియ్యవు, నా మీద కోపం పెట్టుకుంటవు. వైర్లకు సిగ్గుండది, అందరి ముంగట తిట్టొచ్చు. మనిషికి ఉంటది' అన్నడు."

సార్ ఆరోజు ముందుగా అడిగింది ఛాయ్ గురించి. చెప్పబోయే ముందు చూసింది అటూ ఇటూ. నా బల్ల మీద ఏదో పడుతుందని అయితే, నన్ను ఏదో కరుస్తుందని అయితే, హాలంతా వినపడేలా అరిచి అప్పటికప్పుడు నన్ను లేపేవారు. నా ప్రాణం మీదికొచ్చేదాన్ని సోమవారానికి వాయిదా వేసే మనిషి కాదాయన. నా ముఖాన నలుగురిలో చెప్పలేనిది ఏదో అయి ఉండాలి. ఇన్నాళ్లూ నాకేమవుతుందో అని పైకప్పు విప్పించి చూశాను. నావల్ల ఎవరికేమవుతుందో అని ఒక్కసారి చూడలేదు.

ఆ శనివారం ఆయన నా దగ్గరికి వచ్చింది వంటగదిలోంచి. లేచి అక్కడికి వెళ్లాను. వెళ్లాలంటే నా బల్ల మూలకూ ఎదుటి ఇనుప బీరువాకూ మధ్య పక్కకు తిరిగి దూరాలి. అది కూడా నేను అప్పుడే గమనించాను. నాకు అటు పనే ఉండదు. టీ నా బల్ల దగ్గరికే వస్తుంది. లోపల ఆయమ్మ చిన్న స్టూలు మీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. పెద్దామె, మోకాళ్ల నొప్పులు, కాస్త ఒళ్లు చేసిన మనిషి.

"ఆయమ్మా, జరసేపు నీ స్టూలు మీద కూసోవచ్చా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి లేచింది. "ఆ శనివారమే మొదటిసారి సార్ గూడ గట్లనే అడిగిండు" అంది.

కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. పక్కనే పొయ్యి మీద పాలు కాగుతున్న చప్పుడు, గ్యాస్ సిలిండర్ నా మోచేతికి తగులుతోంది. కళ్లు తెరిచాను. ఆ గదికి కిటికీ లేదు. గుమ్మంలోంచి చూస్తే హాలు కనిపించదు, తలుపు కనిపించదు, బయటి వెలుతురు కనిపించదు. ఎదురుగా నా బల్ల వెనకవైపు చెక్క, దాని పక్కన బీరువా, మధ్యలో సన్నని సందు. అంతే. ఆ స్టూలు మీద నుంచి చూస్తే ఈ లోకంలో బయటికి పోయే దారంతా నా బల్లే.

"ఆయమ్మా, నువ్వు రోజు ట్రే పట్టుకోని ఆ సందులకెళ్లి ఎట్ల వస్తున్నవ్?"

"అడ్డం తిరిగి వస్త బిడ్డా. అలవాటైంది. మొదట్ల రెండు మూడు మార్లు ఛాయ్ ఒలికి చెయ్యి కాలింది, ఇప్పుడేం లేదు."

"నాకు చెప్పొద్దా?"

"వెల్తురు మంచిగొస్తదని జరుపుకున్నవ్ గదా. గంత దానికి ఏం చెప్పాలె" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

ఆమె చెప్పదు, ఆమెను చూస్తూ ఆమె ముందు సార్ చెప్పరు. చెప్తే నాకంటే ముందు ఆమెకే తల కొట్టేసినట్టవుతుంది. అందుకే అటూ ఇటూ చూశారేమో. అందుకే సోమవారం అన్నారేమో. అవును అని చెప్పడానికి ఆయన లేరు. సార్ చూసింది ఇదేనా, ఇంకేదన్నా ఉందా, నాకు ఎప్పటికీ రూఢిగా తెలియదు. ఆ సగం రొట్టె గుండె వల్ల వదిలేశారా, నాకు చెప్పలేకపోయిన మాట వల్ల వదిలేశారా, అదీ తెలియదు. ఒక్కటి తెలుసు. ఆరోజు "అయింది సార్" అనకుండా ఆయనతో ఇంకో ఛాయ్ తాగి ఉండాల్సింది.

ఆ సాయంత్రమే శ్రీనివాస్, నేను కలిసి బల్లను లాగి అవతలి గోడకు చేర్చాం. బీరువా ఇంకో మూలకు పోయింది. మిగతావాళ్లు "దొరికిందా, ఏం దొరికింది?" అని చుట్టూ చేరారు. ఆయమ్మ అక్కడే ఉంది. "ఏసీ" అన్నాను. శ్రీనివాస్ నన్ను చూసి, బీరువాను ఇంకాస్త గోడకు నెట్టాడు. ఇప్పుడు ఏసీ గాలి నేరుగా నా మెడకే తగులుతోంది, చున్నీ చుట్టుకుని కూర్చుంటున్నాను. సొరుగులోని నిమ్మకాయ తీసి పారేశాను. సార్ వాళ్లింట్లో ఆ కూలర్‌కు ప్లగ్గు పెట్టించాలని మా ఎలక్ట్రీషియన్‌ను శామీర్‌పేట పంపాం. ఆమె వద్దనలేదట. ఆ అగ్గిపుల్లలు మాత్రం అడిగి తీసుకుని దాచుకుందట.

నెలకోసారి ఆ శనివారం తనిఖీ ఇప్పుడు నన్ను చేయమన్నారు, కొత్తవాళ్లు దొరికేదాకా. నాకు సార్ అంత తెలియదు. అందరి కుర్చీల్లో కూర్చుని చూస్తాను, చాలాసార్లు ఏమీ అర్థం కాక లేచి వస్తాను. వైర్లను తిట్టడం మాత్రం పట్టుబడింది.

వంటగదికీ హాలుకూ మధ్య ఇప్పుడు బారెడు దారి. నేల మీద నా బల్ల కాళ్లు పెట్టిన మచ్చలు మిగిలాయి, ఎంత తుడిచినా పోలేదు. రోజూ పదకొండింటికి ఆయమ్మ ట్రే పట్టుకుని వస్తుంది. గుమ్మం దాటగానే, ఆ మచ్చల దగ్గరికి రాగానే, ఖాళీ నేల మీద ఆగి, ట్రే ఛాతీకి దగ్గరగా పట్టుకుని పక్కకు తిరుగుతుంది. అక్కడ లేని బల్లకు తగలకుండా అడ్డంగా నాలుగు అడుగులు వేసి, మళ్లీ నేరుగా తిరిగి నా వైపు వస్తుంది. "ఛాయ్ తాగుతవా బిడ్డా?" అంటుంది. అప్పటికే తాగి ఉన్నా సరే, తాగుతాను ఆయమ్మా అంటాను.